జహూర్ మాట

తాండూరులో అందరూ గుర్తుపట్టే గొంతు ఎవరిదని అడిగితే ఏ నాయకుడి పేరూ రాదు. మైక్ జహూర్ పేరే వస్తుంది. మనిషి సన్నగా, భుజం మీద తువ్వాలుతో, గుంపులో పడితే కనపడడు. నోరు తెరిచాడా, పప్పు మిల్లులు దాటి, రైలు పట్టాలు దాటి, పాలిష్ యూనిట్లలో బండలు కోసే మిషన్ల రొదను కూడా దాటి వినిపిస్తుంది. మొదట్లో రిక్షా మీద బ్యాటరీ పెట్టుకుని తిరిగేవాడు. తర్వాత ఆటో కొన్నాడు. పైన రెండు హారన్లు, లోపల యాంప్లిఫయరు, చేతిలో మైకు. చీరల దుకాణం ఆషాఢం సేల్ సంగతి అతనే చెప్పాలి, ఎన్నికల్లో నిలబడ్డ ప్రతివాడి గొప్పా అతనే చెప్పాలి. తెలుగులో చెప్పి, ఉర్దూలో చెప్పి, బషీరాబాద్ దాటి సరిహద్దు ఊళ్లకు పోతే కన్నడంలోనూ చెబుతాడు. "మూడు భాషలల్ల అబద్ధం ఒక్క తీరుగనే చెప్తవ్ గదా భాయ్" అని ఆటపట్టించేవాళ్లు. అతనూ నవ్వేవాడు.

నవ్వగలిగాడంటే దానికో కారణం ఉంది. అతనికి ఒక కట్టుబాటు ఉంది. తనంతట తాను పెట్టుకున్నదే, కానీ ఊరంతా ఎరిగినది. కిరాయి ఇచ్చి చెప్పించుకున్నదేదైనా జహూర్ గొంతుతో వస్తుంది, జహూర్ పేరుతో రాదు. పేరు వేరే వాటికి. చావు కబురు, తప్పిపోయిన పిల్లలు, కాగ్నా నదికి వరద. వీటికి ఎవరి దగ్గరా కిరాయి తీసుకోడు. చివర్లో "గిది జహూర్ మాట" అంటాడు. ఆ ముక్క వినపడితే చాలు, స్నానం చేస్తున్నవాడు కూడా తువ్వాలు చుట్టుకుని గుమ్మంలోకి వస్తాడు.

ఈ అలవాటు ఒక జాతరలో పడింది. అప్పటికి జహూర్‌కు పెళ్లి కూడా కాలేదు. రంగులరాట్నం వాళ్ల తరఫున పొద్దున్నుంచి మైకులో కూస్తున్నాడు. అంతలో పెద్దేముల్ వైపు నుంచి వచ్చిన ఒకామె, పాప కనపడటం లేదని ఏడుస్తూ వచ్చింది. పాప గౌను రంగు చెప్పి, జడ చెప్పి ఎంత అరిచినా జనం అదీ రంగులరాట్నం సంగతే అనుకుని నడిచిపోతున్నారు. అతనికి ఒళ్లు మండింది. "అరె భాయ్, యాకూబ్ కొడుకు జహూర్‌ను చెప్తున్న. గిది కిరాయి మాట కాదు, గిది జహూర్ మాట!" అని గొంతు చించుకున్నాడు. జనం ఆగారు. పాప మిఠాయి బండి కింద నిద్రపోతూ దొరికింది. అప్పటినుంచి తాండూరులో ఎవడైనా కోతలు కోస్తుంటే "జహూర్ గొంతా, జహూర్ మాటా?" అని అడగడం వాడుకైపోయింది.

అలాంటి మాటను అతను ఏళ్ల తరబడి ఎంగిలి చేయకుండా కాపాడుకున్నాడు. పోగొట్టుకోవడానికి ఒక్క సాయంత్రం పట్టింది.

నిరుద్యోగం తగ్గిస్తామని ప్రభుత్వం ఒక పెద్ద పథకం ప్రకటించింది. యువకులకు పని నేర్పే కేంద్రాలన్నారు, సొంతంగా బతికేవాళ్లకు సాయమన్నారు, జిల్లాలో ఒక పారిశ్రామికవాడ అన్నారు, అన్నిటికంటే ముందు వికారాబాద్‌లో జాబ్ మేళా అన్నారు. ఇక స్టేషన్ దగ్గరి చాయ్ హోటల్‌కు కొత్త పని దొరికింది. ఒక్క చాయ్ తెప్పించుకుని ఇద్దరు పంచుకుని, అది చల్లారేలోపు రెండు ప్రభుత్వాలను పడగొట్టేవాళ్లు.

అధికార పార్టీకి పట్టణంలో మల్లికార్జున్ పెద్ద దిక్కు. బండల వ్యాపారి, నలుగురికి పని ఇచ్చినవాడు, ఆ సంగతి నలుగురికీ గుర్తుచేసేవాడు కూడా. "అందరికి సర్కారు కొలువులంటే ఏడికెల్లి తెస్తరయ్యా? కంపెనీలు రావాలె. చేతిల పని ఉండాలె. మా యూనిట్ల మిషన్ తోలెటోడు కావాలంటే ఒడిశాకెల్లి తెచ్చుకోవట్టె. మన పిల్లగాండ్లేమో డిగ్రీ పట్టుకొని నోటిఫికేషన్ల కోసం కూసుంటరు" అనేవాడు.

ఎదుటి పక్షం యువజన నాయకుడు అరుణ్‌కుమార్. పోటీ పరీక్షల కోచింగులో వయసు కరగబెట్టి, పరీక్ష వాయిదా పడ్డప్పుడల్లా ధర్నాలో కూర్చుని, చివరికి ధర్నానే వృత్తి చేసుకున్నవాడు. "ఖాళీలున్నయని ఓట్లప్పుడు చెప్పింది మీరే గద అన్నా? నింపుర్రి మరి. ఇస్తమన్న భృతి ఏమాయె? మేళా పెట్టి పేర్లు రాసుకుంటే కొలువిచ్చినట్టేనా?" అని లేచేవాడు.

యాలాల రైతు వెంకటయ్య కందులు అమ్ముకోవడానికి వచ్చినప్పుడల్లా ఈ భాగవతం విని, పోతూ పోతూ ఒక పుల్ల వేసేవాడు. "కంపెనీకి భూములిస్తే పని వస్తదంటరు. ఇచ్చినోని కొడుకు అదే గేటు కాడ వాచ్‌మన్. గది పనేనా, శిక్షనా?"

నిజం చెప్పాలంటే ముగ్గురూ అబద్ధమాడలేదు. వాదన తెగకపోవడానికి కారణమూ అదే. ఎవరి చేతిలో ఉన్న నిజం వాళ్లకు ముద్దు.

మేళా దగ్గరపడింది. ఊళ్లో పిల్లలెవరూ కదిలేలా లేరు. ఇంతకుముందు మేళాలకు పోయి, క్యూలో నిలబడి, పులిహోర ప్యాకెట్టు తిని తిరిగొచ్చినవాళ్లే అందరూ. మల్లికార్జున్ ఒక సాయంత్రం జహూర్ ఇంటికే వచ్చాడు. ఎప్పుడూ మనిషిని పంపేవాడు, ఈసారి తనే వచ్చి గడప లోపల కుర్చీలో కూర్చున్నాడు.

"జహూర్ భాయ్, గొంతు గాదు, నాకు నీ మాట కావాలె" అన్నాడు. "మైక్‌ల నువ్వు మస్తు చెప్తున్నవ్. కాని పిల్లగాండ్లు నమ్ముతలేరు. ఆఖరుల పేరు పెట్టు. కంపెనీలు నిజంగనే వస్తున్నయ్, అక్కడికక్కడ ఆర్డర్ కాగితాలు ఇస్తరు. నా కండ్లతోని లిస్టు చూసిన."

లోపలి గదిలోంచి జహూర్ భార్య జుబేదా గాజులు గట్టిగా చప్పుడు చేసింది. వద్దని దాని అర్థం. మల్లికార్జున్ పోయాక నేరుగానే అంది. "గొంతు ఇయ్యుండ్రి, వద్దంటలేను. మాట ఇయ్యకుండ్రి. చచ్చిపోయినోళ్ల కోసం దాచిన మాట అది."

ఆమె చెప్పింది ముమ్మాటికీ సరైనది. జహూర్‌కూ తెలుసు. కానీ ఇంట్లో కూతురు తహసీన్ డిగ్రీ పాసై, పొద్దునలేస్తే ఫోనులో ఉద్యోగాలు వెతుక్కుంటూ, ఎవరైనా చుట్టాలు వస్తే వంటింట్లోకి తప్పుకుంటోంది. ఏం చేస్తున్నావని అడుగుతారని భయం. మేళాకు పోతానని ఆ పిల్ల అప్పటికే బట్టలు ఇస్త్రీ చేసుకుని పెట్టుకుంది. కూతురు నమ్మినదాన్ని తాను నమ్మనని మైకులో పేరు దాచుకోవడం జహూర్ వల్ల కాలేదు. అది నిజం కావాలని అతనికి ఎంత ఆశగా ఉందంటే, నిజమేనని అనుకోవడానికి పెద్ద కష్టపడలేదు.

మర్నాడు ఆటో వీధుల్లో తిరిగింది. "...నిరుద్యోగ యువతీ యువకులారా, వికారాబాద్ రండి, ఉద్యోగంతో ఇంటికి పోండి. గిది జహూర్ మాట!"

వీధుల్లో తలుపులు తెరుచుకున్నాయి. ఎవరు పోయారోనని చూడటానికి వచ్చినవాళ్లు, ఎవరూ పోలేదని తెలిసి తెల్లబోయారు.

వెనక గల్లీలో బాల్‌రాజ్ ఇంటి ముందు ఆటో ఆగింది. బాల్‌రాజ్, జహూర్ ఒకే ఈడువాళ్లు. బాల్‌రాజ్ జీవితమంతా పాలిష్ యూనిట్‌లో బండలు కోశాడు. ఆ తెల్లటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆగాలి. అందుకని డిప్లొమా చదివిన కొడుకు కార్తీక్ తండ్రి మిషన్ దగ్గర నిలబడ్డాడు. రోజూ రైల్లో వికారాబాద్ పోయి వచ్చి చదివిన పిల్లాడు. పని మీద అలక లేదు, కానీ ఆ దుమ్మంటే భయం. తండ్రి దగ్గు విన్నప్పుడల్లా ముక్కుకు కట్టుకున్న గుడ్డ సరిచేసుకునేవాడు.

కార్తీక్ బయటికి వచ్చి ఆటోలోకి తొంగిచూశాడు. "చాచా, ఒక్క ముచ్చట. పని బంద్ పెట్టి పోతే సేటు మళ్ల మిషన్ ఇయ్యడు. వేరేటోణ్ని పెట్టుకుంటడు. నిజం చెప్పు, గొంతా మాటా?"

"మాటనే బేటా" అన్నాడు జహూర్. మైకు పక్కన పెట్టి, కళ్లలోకి చూసి మరీ అన్నాడు.

మేళా నుంచి తహసీన్ చీకటి పడకముందే వచ్చేసింది. అబ్బాజాన్ ముఖం చూడకుండా చెప్పులు విడిచింది. "కంపెనీలు వచ్చినయి అబ్బా. పేర్లు రాసుకున్నరు. ఫోన్ చేస్తమన్నరు. మంత్రిగారు వచ్చి పోయినంక వాళ్లు కూడా బల్లలు సదురుకున్నరు" అంది. అంతే అంది. ఇస్త్రీ బట్టలు మడిచి లోపల పెట్టేసింది.

అయితే కొందరికి అక్కడే కాగితాలు ఇచ్చారు. వాళ్లలో కార్తీక్ ఒకడు. వేదిక మీదికి పిలిచి, చేతికి కాగితమిచ్చి, ఫొటో తీశారు. బాల్‌రాజ్ ఆ రోజు ఆయాసపడుతూనే గల్లీ అంతా చక్కెర పంచాడు. జహూర్ గుండె మీంచి పెద్ద బండ దిగినట్టయింది. మాట నిలబడిందనుకున్నాడు. నాలుగు రోజులకల్లా చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. 'మన తాండూరు బిడ్డ కార్తీక్‌కు కొలువు' అని, పక్కన మల్లికార్జున్ దండం పెడుతూ.

ఆ కొలువు హైదరాబాద్ అవతల ఒక గోదాములో డబ్బాలు కట్టడం. పండుగల గిరాకీ ఉన్నంతకాలం ఉంచుకున్నారు. గిరాకీ తగ్గగానే, అవసరమైతే ఫోన్ చేస్తాం అన్నారు. కార్తీక్ సంచి భుజాన వేసుకుని తాండూరులో రైలు దిగాడు. ఇంటికి పోవాలంటే ఆ చౌరస్తా దాటాలి. ఫ్లెక్సీలో తను నవ్వుతూనే ఉన్నాడు. పాలిష్ యూనిట్‌కు పోతే తన మిషన్ దగ్గర కొత్త మనిషి ఉన్నాడు. సేటు తప్పు కూడా కాదు, ముందే చెప్పాడు.

అరుణ్‌కుమార్‌కు ఇంతకంటే ఏం కావాలి? ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు. రెండు కాకులున్నప్పుడు ఆ ఎద్దు గతి ఏమిటో సామెత చెప్పినవాళ్లు చెప్పలేదు. అతను జహూర్‌ను రికార్డింగుకు పిలిచాడు. "చాచా, గిది పేరు పెట్టేది గాదు. గొంతు చాలు. 'కార్తీక్ ఎక్కడ? కార్తీక్ కొలువు ఎక్కడ?' గంతే. గట్టిగ కొట్టు."

జహూర్ గట్టిగానే కొట్టాడు. మల్లికార్జున్ తన చేత పేరు పెట్టించి మోసం చేశాడన్న కసి ఆ గొంతులో ఉంది. కార్తీక్ తరఫున అడుగుతున్నానని కూడా అనుకున్నాడు. గొంతే కదా, మాట కాదు కదా, గొంతు వల్ల ఎవరికేం నష్టమని అనుకున్నాడు. ఇన్నేళ్లుగా అలాగే అనుకుంటూ బతికాడు.

ఆ రికార్డింగు ఊళ్లో పాటైపోయింది. బడి వదిలాక పిల్లలు "కార్తీక్ ఎక్కడ? కార్తీక్ కొలువు ఎక్కడ?" అని చప్పట్లు కొడుతూ పోయేవాళ్లు. మల్లికార్జున్ వర్గం ఊరుకుంటుందా? కార్తీక్ చెప్పకుండా పని మానేసి వచ్చాడని, ఈ కాలం పిల్లలకు కష్టపడటం చేతకాదని ప్రచారం మొదలుపెట్టింది. చాయ్ హోటల్లో కార్తీక్ అడుగుపెడితే చాలు, అటొక బల్ల ఇటొక బల్ల అతని మీద వాదించుకునేవి. ఏం తింటున్నావు, ఏం చేద్దామనుకుంటున్నావు అని మాత్రం ఎవరూ అడగలేదు. పిల్లాడు బయటికి రావడం మానేశాడు. హోటల్లో మరో కొత్త సరదా కూడా పుట్టింది. ఎవడైనా బాకీ తీరుస్తానని చెబితే, "నమ్మాలె, గిది జహూర్ మాట" అని కన్నుగీటేవాళ్లు. అది విన్ననాడు జహూర్ చాయ్ సగంలో వదిలి లేచొచ్చాడు.

అలాంటి రోజుల్లో మార్కెట్ యార్డులో బహిరంగ చర్చ పెట్టారు. ఒక యూట్యూబ్ ఛానల్‌వాళ్ల ఏర్పాటు. నిరుద్యోగానికి ప్రభుత్వ పథకం పరిష్కారమా కాదా అని రెండు పక్షాలూ ఒకే వేదిక మీద తేల్చుకోవాలి. ముందురోజు మల్లికార్జున్ మనుషులు బాల్‌రాజ్ ఇంటికి పోయారు. కార్తీక్ వేదికెక్కి, తానే పని మానేశానని చెబితే కొత్త పని చూపిస్తామన్నారు. వాళ్లు వెళ్లాక అరుణ్‌కుమార్ మనుషులు వచ్చారు. కార్తీక్ వేదికెక్కి, మోసపోయానని చెబితే రాష్ట్రమంతా చూస్తుందన్నారు. కార్తీక్ ఇద్దరికీ తల ఊపాడట.

చర్చ రోజు పొద్దున బాల్‌రాజ్ గోడ పట్టుకుంటూ జహూర్ ఇంటికి వచ్చాడు. "జహూర్ భాయ్, పోరడు లేడు. పొద్దుగాల లేచేసరికే లేడు. ఫోన్ ఇంట్లనే పెట్టి పోయిండు." అని, కాసేపు దగ్గి, "పాత గనులల్ల నీళ్లు నిండి ఉన్నయ్ భాయ్" అన్నాడు.

తాండూరు చుట్టూ బండలు తవ్వి వదిలేసిన గోతులు ఎన్నో. వానాకాలం నీళ్లు నిలిచి అడుగు తెలియదు. వాటిల్లోంచి మనుషులను తీసిన రోజులు ఆ ఊరివాళ్లకు గుర్తే. ఆ చావు కబుర్లు చెప్పింది జహూరే.

జహూర్ చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో తీశాడు. బాల్‌రాజ్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"పాలిష్ యూనిట్ బాల్‌రాజ్ కొడుకు కార్తీక్ పొద్దుటిసంది కనవడ్తలేడు. నీలం చొక్కా, నల్ల ప్యాంటు. ఎవరన్న చూస్తే చెప్పుర్రి. కార్తీక్ బేటా, నువ్వు ఏడున్నా ఇంటికి రా. గిది జహూర్ మాట."

తలుపులేవీ తెరుచుకోలేదు.

కిరాణా దుకాణంలో తూకం వేస్తున్నవాడు తలెత్తకుండానే, "మీటింగు సాయంత్రం గద చాచా, గిప్పటిసందే షురూ చేసినవా?" అన్నాడు. జహూర్ ఆటో ఆపి, నిజంగానే పిల్లాడు కనపడటం లేదని చెబితే, "అవును, కొలువు గూడ కనవడ్తలేదు" అని నవ్వాడు. పక్కన బాల్‌రాజ్ కూర్చుని ఉన్నాడని కూడా చూసుకోలేదు. తర్వాతి వీధిలో పిల్లలు ఆటో వెంట పరుగెత్తుతూ, "కార్తీక్ ఎక్కడ? కార్తీక్ కొలువు ఎక్కడ?" అని అందుకున్నారు. జహూర్ అరిచిన కొద్దీ వాళ్లకు ఉత్సాహం పెరిగింది. నీలం చొక్కా అన్నాడు, జహూర్ మాట అన్నాడు, అల్లా మీద ఒట్టు కూడా వేశాడు. అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్లు ముసిముసిగా నవ్వుతూ, ఈసారి రికార్డింగు కొత్తగా ఉందనుకున్నారు.

ఫోను మోగింది. మల్లికార్జున్. "ఏం భాయ్, మా పైసలు తిని మా మీదనే తిరుగుతున్నవా? మీటింగు రోజే కార్తీక్ కార్తీక్ అని ఒర్లుతున్నవ్. ఎవలిచ్చిన్రు కిరాయి?" అన్నాడు. జహూర్ చెప్పబోయేలోపు పెట్టేశాడు.

వెంటనే ఇంకో ఫోను. అరుణ్‌కుమార్. "చాచా, ఏం ఐడియా! నాకే రాలే. కనవడ్తలేడనేది మస్తుంది. గట్లనే తిప్పు, సాయంత్రం దాక ఆపకు" అన్నాడు.

జహూర్ యాంప్లిఫయరు ఆపేశాడు. ఇన్నేళ్లలో మొదటిసారి తన గొంతంటే అతనికి అసహ్యం వేసింది. పోలీస్ స్టేషన్‌కు పోతే పేరు, ఆనవాళ్లు చెప్పమన్నారు. ఇద్దరు కానిస్టేబుళ్లు తప్ప అందరూ మార్కెట్ యార్డు బందోబస్తులో ఉన్నారన్నారు. బస్టాండు, రైల్వే స్టేషను, పాలిష్ యూనిట్ల వెనక గుట్టలుగా పోసిన ముక్కబండలు, ఒక్కొక్కటే దిగి వెతికారు. బాల్‌రాజ్ దిగలేక ఆటోలోనే కూర్చుని కళ్లతో వెతికాడు. తహసీన్ తన స్నేహితురాళ్లకు ఫోన్లు చేసింది, ఎవరూ చూడలేదన్నారు. పొద్దు వాలుతోంది.

చివరికి జహూర్ మార్కెట్ యార్డుకు పోయాడు. జనమంతా అక్కడే ఉన్నారు, వాళ్లలో ఒక్కడైనా చూసి ఉంటాడని ఆశ. వేదిక మీద వాదన జోరుగా ఉంది. శిక్షణ కేంద్రాలు ఎన్ని తెరిచారో ఒకాయన చదువుతున్నాడు, తాళాలు ఎన్నిటికి పడ్డాయో ఇంకొకాయన చదువుతున్నాడు. జహూర్ మెట్లెక్కి, ఛానల్ పిల్లాడి చేతిలోంచి మైకు లాక్కున్నంత పనిచేశాడు. "కార్తీక్ కనవడ్తలేడు. నిజంగ. బాల్‌రాజ్ ఆటోల ఉన్నడు, పోయి చూడుర్రి. గనుల దిక్కు మనుషులు కావాలె. లేవుర్రి జర."

అరుణ్‌కుమార్ లేచాడు. "చూసిన్రా? గీ సర్కారు పథకం పిల్లగాన్ని ఇంట్లకెల్లి వెళ్లగొట్టింది!" మల్లికార్జున్ కుర్చీ వెనక్కి తోశాడు. "మీరు రోజూ మైకుల పెట్టి ఇజ్జత్ తీస్తె పోయిండు!" అంతే. కార్తీక్ పోవడానికి ఎవరి విధానం కారణమని రెండో చర్చ మొదలైంది. కెమెరా అటూ ఇటూ తిరిగింది. జహూర్ ఇద్దరి మధ్యా మైకు పట్టుకుని, గనుల దిక్కు, గనుల దిక్కు అంటూనే ఉన్నాడు. అది విసుగనిపించి ఎవరో మైకు తీసేసుకున్నారు.

మెట్లు దిగుతుంటే చెయ్యి పట్టుకున్నది వెంకటయ్య. కందుల మూట మీదినుంచి లేచొచ్చాడు. "జహూర్, నీలం అంగీ అన్నవా? మా తొవ్వల పాత గని ఉంటది గద, పొద్దుగాల వచ్చేటప్పుడు గా బండల మీద ఒక పిల్లగాడు కూసున్నడు. నీ మైక్ ఇన్న, కాని మీటింగు ముచ్చటనుకున్న" అన్నాడు. ముసలాయన గొంతులో సిగ్గు ఉంది. "తప్పాయె. పా, నేనూ వస్త."

యాలాల తోవలో పాత గని దగ్గర ఆటో లోపలికి పోదు. జహూర్ దిగి నడిచాడు. వెంకటయ్య ఇంకో అంచు వైపు పోయాడు. బాల్‌రాజ్ వద్దన్నా వినకుండా దిగి, బండలు పట్టుకుంటూ, ఆగుతూ, వెనకబడిపోయాడు. పగిలిన ముక్కబండల గుట్ట ఎక్కితే కింద ఆకుపచ్చగా నీళ్లు. అలలు లేవు. ఆ నీళ్లను చూడటానికి జహూర్‌కు భయమేసింది. చూశాడు. తర్వాత అంచు చూశాడు.

కార్తీక్ నీళ్లకు పైన ఒక పలక మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. చెప్పులు పక్కన విడిచి, సరిగ్గా జతగా పెట్టి ఉన్నాయి. కేక వేస్తే ఉలిక్కిపడతాడేమోనని జహూర్ మెల్లగా దిగి, చేతికందేంత దూరంలో అదే పలక మీద కూలబడ్డాడు. పిల్లాడి చొక్కా అంచు పట్టుకున్నాడు.

"బేటా" అన్నాడు. "పొద్దుటిసంది పిలుస్తున్న. వినవడలేదా?"

"విన్న చాచా" అన్నాడు కార్తీక్. నీళ్లవైపే చూస్తున్నాడు. "రెండు మూడుసార్లు వినవడ్డది. స్టేజీ ఎక్కడానికి పిలుస్తున్నవనుకున్న."

"పేరు పెట్టి చెప్పిన గద బేటా. జహూర్ మాట అన్న గద."

"అప్పుడు గూడ అన్నవ్ గద" అన్నాడు పిల్లాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే జహూర్ తట్టుకునేవాడేమో.

జహూర్‌కు వచ్చిన మూడు భాషల్లో ఒక్కటీ అక్కరకు రాలేదు. గాలి ఊరి వైపు నుంచి తిరిగింది. మార్కెట్ యార్డులో సభ ముగిసినట్టుంది. దూరంగా, పల్చగా, అరుణ్‌కుమార్ వాళ్ల ప్రచారం ఆటో హారన్లలోంచి రికార్డింగులో జహూర్ గొంతే వచ్చింది. "కార్తీక్ ఎక్కడ? కార్తీక్ కొలువు ఎక్కడ?" పిల్లాడు పెదవి విరిచి, "ఇగో, మళ్ల పిలుస్తున్నవ్" అన్నాడు.

జహూర్ చొక్కా అంచు వదలకుండానే లేచి నిలబడ్డాడు. ఊరి వైపు తిరిగి, ఉన్న బలమంతా కూడగట్టుకుని అరిచాడు. "ఈడున్నడు! కార్తీక్ ఈడున్నడు!"

మైకు లేదు. ఆ కేక ఊరిదాకా పోలేదు, యార్డు దాకా అసలే పోలేదు. ముక్కబండల గుట్ట దాటి, అవతల ఒక రాయి మీద కూర్చుని ఊపిరి తెచ్చుకుంటున్న బాల్‌రాజ్ దాకా పోయింది. కాసేపటికి గుట్ట మీంచి చిన్న చిన్న రాళ్లు దొర్లాయి. దగ్గు వినపడింది. ఆ దగ్గు విని కార్తీక్ మొదటిసారి నీళ్లమీంచి చూపు తిప్పాడు. "బాపుకు గిట్ల ఎక్కొద్దని చెప్పలేదా చాచా, గీ దుమ్ముల" అంటూ లేచి, చెప్పులు వేసుకుని, తండ్రికి చెయ్యి అందించడానికి పైకి నడిచాడు.

ఇప్పటికీ తాండూరులో వాదన తెగలేదు. కార్తీక్ వికారాబాద్‌లో ఒక మోటార్ల దుకాణంలో పనికి పోతున్నాడు, అది ఎన్నాళ్లుంటుందో అతనికీ తెలియదు. జహూర్ ఆటో మీద చీరల సేల్ చెబుతూనే ఉన్నాడు, బతకాలి కదా. కానీ ఏ పార్టీవాళ్లు వచ్చినా గొంతు పోయిందంటాడు. ఎవరి ఇంట్లోనైనా మనిషి పోయినా, పిల్లలు తప్పిపోయినా ఆటో తీయడు. వీధి వీధికీ నడిచిపోయి, తలుపు తట్టి, ఎదురుగా నిలబడి చెబుతాడు. ఊరంతా తిరిగేసరికి కాళ్లు వాస్తాయి. జుబేదా రాత్రి వేడినీళ్లు పెట్టి ఇస్తుంది.